కూత వినకు, కాళ్లు చూడు

మా డ్రిల్లు సారు పోయిన సంగతి నాకు బీర్కూర్ బస్సులో తెలిసింది. టికెట్టు చేతికిస్తూ కండక్టరు, "ఎరికేనా అన్నా, మన డ్రిల్లు సారు పోయిండు. మొన్న ఐతారం" అన్నాడు. అతనూ బాన్సువాడ హైస్కూల్లో ఆయన విజిల్‌కు పరుగెత్తినవాడే. వారం రోజులు జ్వరమట, దవాఖానలో చేర్చిన రెండో రోజే అంతా అయిపోయిందట. "నీకు కబురు రాలేదా?" అని అడిగాడు. రాలేదన్నాను. అందులో ఆ ఇంటివాళ్ల తప్పేమీ లేదు. నాలుగేళ్లుగా ఆ గడప తొక్కనివాడికి కబురు పంపాలని ఎవరికి తోస్తుంది?

ఆయన గురించి రాయడానికి నాకున్న అర్హత తక్కువ. ఆయన మేలు పొందినవాళ్లలో నేను మొదటివాణ్ణి, ఆయనకు నష్టం చేసినవాళ్లలో కూడా బహుశా నేనే మొదటివాణ్ణి. రెండూ చెప్పకుండా ఒక్కటే చెబితే ఇది స్మృతి కాదు, పొగడ్త. పొగిడితే ఆయనకు చిరాకు.

అరవై తొమ్మిదిలో నేను తొమ్మిదో తరగతి. మాది పెద్ద కొడప్‌గల్ వైపు తండా. బాన్సువాడ మార్కెట్లో మూటలు మోసే మా మామ దగ్గర ఉండి చదువుకునేవాణ్ణి. ఆ ఏడు ఉద్యమంతో బడులు నెలల తరబడి మూతపడ్డాయి. బడి లేకపోతే ఇక తండాకు పోయి మేకల వెంట తిరగడమే. మూట సర్దుకుంటున్న నన్ను సారు వచ్చి ఆపారు.

"బడికి తాళం ఏసిండ్రు గని, గ్రౌండుకు ఎట్లేస్తర్రా? రేపు పొద్దుగాల రా" అన్నారు.

అలా ఆ ఏడంతా పొద్దున్నే కబడ్డీ, ఆట అయ్యాక వరండాలో కూర్చుని ఇంగ్లీషు పేపరు. తలా ఒక పేరా చదవాలి. డ్రిల్లు సారు ఇంగ్లీషు చెప్పడమేంటని ఇంగ్లీషు సారు ఎగతాళి చేసేవారు. మా సారు పట్టించుకునేవారు కాదు. తెలియని మాట వస్తే దాచుకోకుండా "నాకూ తెల్వది, సూద్దాం పా" అని డిక్షనరీ తీసేవారు. తెల్ల కాన్వాసు బూట్లు, వాటికి ప్రతి ఐతారం చాక్‌పీసు నూరి రాసుకునే ఓపిక, ప్యాంటు కాలికి సైకిలు క్లిప్పు. ఆయన్ని తలుచుకుంటే నాకు ముందు కనిపించేవి ఇవే.

కబడ్డీలో నాకొక జబ్బు ఉండేది. కూతకు వచ్చినవాడి మొహం చూస్తూ నిలబడేవాణ్ణి. వాడు ఇటు చూసి అటు తన్నేవాడు, నేను అవుట్. సారు నా చెవి పట్టుకుని పక్కకు తీసుకెళ్లి చెప్పిన మాట ఇది.

"వాని కూత ఇనకురా, కాళ్లు సూడు. నోటితోని ఎట్లనన్న కూస్తడు, దానికేం ఖర్చు? కాళ్లు మాత్రం వాని బరువు మొత్తం మోయాలె. బరువు ఎటు పోతున్నదో గదే నిజం."

అప్పుడది ఆట గురించి చెప్పిన మాట అనుకున్నాను. పదేళ్ల తర్వాత గానీ తెలియలేదు, ఆయన లోకంలో అన్నిటినీ అలాగే చూస్తారని.

మా వైపు ఒక చెరకు మిల్లు ఉండేది. ఇప్పుడు లేదు కాబట్టి పేరు రాయను. అది కట్టే రోజుల్లో కంపెనీ మనుషులు జీపు వేసుకుని ఊరూరా తిరిగి షేర్లు అమ్మారు. చెరకు వేసేవాళ్లు తీసుకున్నారు, టీచర్లను హెడ్మాస్టరు మొహమాటపెట్టారు. మా సారు పాతిక షేర్లు తీసుకున్నారు. ఏటా ఒకసారి నున్నటి కాగితం మీద అచ్చేసిన వార్షిక నివేదిక పోస్టులో వచ్చేది. ఆ కాగితం పుస్తకాల అట్టలకు బాగుండేది. బాన్సువాడ పిల్లల సోషల్ పుస్తకాల మీద ఛైర్మన్ గారు ఏడాది పొడుగునా నవ్వుతూ ఉండేవారు.

దాన్ని చదివింది మాత్రం నాకు తెలిసి మా సారు ఒక్కరే. ఒక ఏడాది షేరుదారుల వార్షిక సమావేశం నోటీసులో చిన్న అక్షరాల్లో ఆయనకొక సంగతి దొరికింది. డైరెక్టర్లలో ఎవరి దగ్గర ఎన్ని షేర్లున్నాయో, ఎప్పుడు కొన్నారో, ఎప్పుడు అమ్మారో రాసే రిజిస్టరు ఒకటి ఉంటుంది. సమావేశానికి ముందు కొద్ది రోజులు ఏ షేరుదారుడైనా వెళ్లి దాన్ని చూడవచ్చు. సారు ఒకరోజు సెలవు పెట్టి, బస్సెక్కి మిల్లుకు పోయి అడిగారు. అక్కడి ఆఫీసరుకు అలాంటి రిజిస్టరు ఉందో లేదో వెంటనే గుర్తుకు రాలేదట.

"గదెందుకు నీకు?" అన్నాడట.

"మీ మిల్లు మస్తు నడుస్తున్నదని మీరు రాసిండ్రు గద. మీరు సుత కొంటున్నరా, అమ్ముకుంటున్నరా సూద్దామని" అన్నారట మా సారు.

ఆ తర్వాత అది ఆయనకు ఏటా జరిగే యాత్ర అయింది. సమావేశానికి వెళ్లేవాళ్లందరూ బూందీ పొట్లం కోసం, ఛైర్మన్ ప్రసంగం కోసం వెళ్లేవారు. ఈయన మాత్రం వారం ముందే ఒక్కరే వెళ్లి, ఆ రిజిస్టరు ముందు కూర్చుని, నోటుబుక్కులో నాలుగు ముక్కలు ఎక్కించుకుని వచ్చేసేవారు. పట్నం పత్రికల్లో ఇప్పుడు ఇన్‌సైడర్ ట్రేడింగ్ అని పెద్ద పేరు పెట్టి రాస్తున్నారు. మా సారుకు ఆ పేరు తెలియదు. లోపలివాళ్లకు మనకంటే ముందే తెలుస్తుందనీ, తెలిసినవాడి చేయి ఊరికే ఉండదనీ మాత్రం తెలుసు.

అలా అని లోపలివాళ్లు ఏం చేస్తే అది చేయమని ఎవరికీ చెప్పలేదు. కాలువ కింద వరి, చెరకు వేసే కోస్తా రైతు ఒకాయన బస్టాండు హోటల్లో ఆయన్ని పట్టుకుని, "అది కాదు మాస్టారూ, డైరెక్టరు గారొకాయన అమ్మేసుకున్నారంట కదా. మనమూ వదిలించేసుకుందామంటారా?" అని అడగడం నేను విన్నాను.

"ఒక్కడు అమ్మితే అమ్మనియ్యి. ఇల్లు కడ్తుండొచ్చు, బిడ్డను సదివిస్తుండొచ్చు, దవాఖాన ఖర్చు ఉండొచ్చు. వాని ఇంట్ల ఏమున్నదో మనకేం తెలుసు? నలుగురు ఒక్క నెలల అమ్మిండ్రంటే గప్పుడు ఫికర్ జెయ్యి" అన్నారు సారు.

"మరి కొంటే?"

"సొంత పైసలు పెట్టి కొంటే జర కూసోని ఆలోచించాలె. అయినా గా రిజిస్టరు జరిగిపోయింది జెప్తది. ముందల అయ్యేది జెప్పదు."

ఒక ఏడు చెరకుకు ఎర్రకుళ్లు తెగులు సోకింది. మిల్లు మూతపడుతుందని పుకారు లేచి, చాలామంది దొరికిన ధరకు షేర్లు వదిలించుకోవడం మొదలుపెట్టారు. సారు వెళ్లి చూస్తే ఇద్దరు డైరెక్టర్లు ఆ పుకారు నడుమే ఇంకొన్ని కొన్నారు. ఆయన తన పాతికా కదిలించలేదు, అడిగినవాళ్లతో చూసింది చూసినట్టు చెప్పారు. మరుసటి ఏడు డివిడెండు వచ్చింది. ఆ కోస్తా రైతు బెల్లం దిమ్మ తెచ్చి ఇస్తే సారు దాన్ని బడి గ్రౌండులోనే పగలగొట్టి పిల్లలకు పంచేశారు.

నాకు డిగ్రీ అయ్యాక, అలాంటి యాత్రలకే ఒకదానికి నన్ను వెంట తీసుకెళ్లారు. రిజిస్టరు మూసి, కళ్లద్దాలు తీసి, మేనేజరుతో, "గీ పోరగాడు లెక్క తప్పడు. నాది పూచీ" అన్నారు. నెల తిరక్కుండా నేను మిల్లు షేర్ల సెక్షన్లో గుమస్తానయ్యాను. మా తండాలో నెల జీతం అనే మాట మొదట మా ఇంట్లోనే వినిపించింది. మా యాడి, అంటే అమ్మ, ఆ రోజు నుంచి సారు పేరెత్తితే కొంగు నెత్తిన వేసుకునేది. ఉద్యోగులందరికీ ఇచ్చినట్టే మిల్లు నాకూ యాభై షేర్లు ఇచ్చి, జీతంలో కొంచెం కొంచెం కోసుకుంది.

ఇక్కడి నుంచి రాయడం కష్టంగా ఉంది.

షేరు ఒకరి పేరు నుంచి మరొకరి పేరుకు మారాలంటే ఇద్దరూ సంతకాలు పెట్టిన ట్రాన్స్‌ఫర్ ఫారం, షేరు కాగితం రెండూ మా సెక్షన్‌కు రావాలి. మామూలువాళ్లవి పోస్టులో వచ్చేవి. డైరెక్టర్ల ఇళ్లవి మాత్రం జీపు డ్రైవరు తెచ్చి నా బల్ల మీద పెట్టేవాడు. అది మా ఆఫీసు అలవాటు. ఎనభై నాలుగు వానాకాలంలో, ఒక్క నెలలో, ఆ డ్రైవరు నా బల్ల దగ్గరికి ఆరుసార్లు వచ్చాడు. అమ్మినవాళ్ల పేర్లలో డైరెక్టరు ఒక్కడూ లేడు. ఒకరి భార్య, ఒకరి అత్తగారు, ఒకరి బావమరిది. కొన్నవాళ్లంతా ఎక్కడో బొంబాయివాళ్లు. డైరెక్టర్ల రిజిస్టరులో ఒక్క గీత కూడా మారలేదు. వాళ్ల ఇళ్లలో షేర్లు మాత్రం ఖాళీ అవుతున్నాయి. కారణమేంటో నాకు చెప్పినవాడు లేడు, కానీ కాళ్లు చూడటం నేర్చుకున్నవాణ్ణి కదా.

ఆ ఏడూ సారు వచ్చారు. అప్పటికి రిటైరయ్యారు. మోకాలు నొప్పితో మెట్లెక్కడానికి చాలాసేపు పట్టింది. రిజిస్టరు ఆయన ముందు పెట్టింది నేనే. వేలు పెట్టి వరస వరసా చూశారు.

"ఒక్కడు సుత కదల్లేదు. మంచిదే" అని నోటుబుక్కు మూశారు. తర్వాత నన్ను అడిగారు. "ఇంకేమన్న ఉన్నదారా, సూడాల్సింది?"

సరిగ్గా అప్పుడే డ్రైవరు లోపలికొచ్చి నా బల్ల మీద ఒక కవరు పెట్టాడు. సారు అతన్ని పలకరించారు కూడా. ఆ కవరు మా ఇద్దరి మధ్య ఉంది.

"గంతే సార్" అన్నాను.

ఆఫీసు సంగతి బయటికి చెప్పకూడదు, అందుకే చెప్పలేదు అని చాలాకాలం నన్ను నేను సముదాయించుకున్నాను. అక్కడితో ఆగి ఉంటే ఆ మాట చెల్లేది. రెండు రోజులు తిరక్కుండా నా యాభై షేర్లు అమ్మడానికి బాన్సువాడ బట్టల సేటు దగ్గరికి వెళ్లాను. సేటు నాకిప్పుడు వద్దన్నాడు, వద్దని ఊరుకోక సారు చెవిన వేశాడు. సారు నన్ను ఇంటికి పిలిపించారు.

"ఏమొచ్చిందిరా కష్టం?"

"తండల ఇంటికి కప్పు ఏయాలె సార్. వానకు కురుస్తున్నది."

అబద్ధం కాదు. మా ఇల్లు కురుస్తున్న మాట నిజమే. కానీ అది మూడేళ్లుగా కురుస్తూనే ఉంది, నాకు తొందర ఆ నెలలోనే వచ్చింది. సారు నవ్వారు. తను ఎప్పుడూ చెప్పే మాటే తనకు తను చెప్పుకున్నారు. "ఒక్కడు అమ్మితే ఇంటి అవసరమే. సరే, పరాయోళ్లకెందుకు, నాకే అమ్ము."

లోపలి నుంచి సారు భార్య, మేమంతా అమ్మ అని పిలిచే ఆవిడ, అడిగింది. "మరి బండి?"

రిటైరైనప్పుడు వచ్చిన సొమ్ములో ఒక మోపెడ్‌కు సరిపడా ఆయన పక్కన పెట్టుకున్నారని నాకు అప్పుడే తెలిసింది. మోకాలితో సైకిలు తొక్కడం ఇక కుదరదని డాక్టరు చెప్పాడట.

"బండి వచ్చే ఏడు. వాని ఇల్లు గీ వానకే కురుస్తది గద" అన్నారు సారు.

నేను వద్దనలేదు. ధర తగ్గిస్తానని కూడా అనలేదు. ఫారం మీద అమ్మేవాడి చోట సంతకం పెట్టి, సొమ్ము జేబులో పెట్టుకుని, అమ్మ ఇచ్చిన చాయ్ తాగి వచ్చాను. ఆ చాయ్ ఎలా దిగిందో ఇప్పుడు ఆశ్చర్యంగా ఉంటుంది. ఫారానికి అతికించే షేర్ల స్టాంపులు బాన్సువాడలో దొరకవు, నిజామాబాదు నుంచి తెప్పించుకోవాలి. అందుకని కొద్ది రోజులు పడుతుందన్నారు సారు.

స్టాంపులు వచ్చేలోపే సమావేశం జరిగింది, బూందీ పంచారు, ఛైర్మన్ బ్రహ్మాండంగా మాట్లాడారు. మరి కొద్ది రోజులకు గేటుకు కాగితం అంటించారు. అప్పుల వల్ల ఈ సీజన్లో చెరకు ఆడించడం లేదని. పొలాల్లో చెరకు నిలబడి ఉంది. షేరు కాగితాన్ని ఊరికే ఇచ్చినా తీసుకునేవాడు లేడు. రైతులు గేటు ముందు కూర్చుని, ముందే తెలిసి అమ్ముకున్నది ఎవరో బయటపెట్టమన్నారు. టైమ్‌కీపరు ఒకతను తన పది షేర్లు బావమరిదికి అమ్మి ఉన్నాడు. అతన్ని వారంలో తీసేశారు. ఊళ్లో వాళ్లు అతని ఇంటి మీదికి వెళ్లారు. ఆ అత్తగార్ల, భార్యల పేర్లు ఎవరూ అడగలేదు.

నేను రోజూ తపాలా సంచి విప్పి సారు కవరు కోసం చూసేవాణ్ణి. అది వస్తే నా పేరు షేర్ల బదిలీ పుస్తకంలోకి ఎక్కుతుంది. షేర్ల సెక్షన్ గుమస్తా, మిల్లు మూతకు ముందు అమ్ముకున్నాడు. టైమ్‌కీపరుకు పట్టిన గతి నాకు రెండింతలు పట్టేది. కవరు ఆరోజు రాలేదు, మర్నాడూ రాలేదు, ఆ నెలంతా రాలేదు. ఎలాగూ చిత్తు కాగితమే కదా అని సారు వదిలేసి ఉంటారనుకుని, హమ్మయ్య అనుకున్నాను. ఆ హమ్మయ్య గుర్తొస్తే ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోతున్నాను.

మిల్లు పూర్తిగా మూతపడ్డాక బీర్కూర్‌లో సొసైటీ గుమస్తాగా కుదిరాను. బాన్సువాడకు వెళ్లినా సారు ఇంటి వైపు వెళ్లేవాణ్ణి కాదు. ఒక్కసారి మాత్రం బస్టాండు దగ్గర ఎదురుపడ్డారు. సైకిలు తొక్కడం లేదు, తోసుకుంటూ దాని మీద ఒరిగి నడుస్తున్నారు.

"తొక్కుతలేరా సార్?"

"మోకాలు మడుస్తలేదు. గిదే నాకు కట్టె" అన్నారు. "ఇంటికి కప్పు ఏసినవా?" అని అడిగారు.

"ఏసిన సార్."

"మంచిగైంది" అని సైకిలు ముందుకు తోశారు. వేయలేదని, ఆ సొమ్ము బ్యాంకులోనే ఉందని, నేను మీకు ఏం అమ్మానో తెలిసే అమ్మానని చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఆయన మెల్లగానే వెళుతున్నారు. నాలుగడుగులు వేస్తే అందుకునేవాణ్ణి. వేయలేదు.

కండక్టరు చెప్పిన రోజు బస్టాండులో దిగి నేరుగా ఆ ఇంటికి వెళ్లాను. అమ్మ నన్ను చూసి కూర్చోమంది. నాలుగేళ్లు ఎందుకు రాలేదని అడగలేదు. లోపలికి వెళ్లి ఒక పొడుగు కవరు తెచ్చి ఇచ్చింది. మిల్లు చిరునామా, షేర్ల సెక్షన్ అని సారు గుండ్రటి అక్షరాలు. తపాలా బిళ్ల అతికించి ఉంది, దాని మీద పోస్టాఫీసు ముద్ర లేదు. లోపల నా పేరుతో ఉన్న షేరు కాగితం, ఫారం మీద నా సంతకం పక్కన సారు సంతకం, వరసగా అతికించిన స్టాంపులు. అన్నీ సరిగ్గా ఉన్నాయి.

"స్టాంపులు తెచ్చి, అతికించి, పోస్టుల ఏద్దామని పోయిండు బిడ్డా. గా దినమే మిల్లు మాట తెలిసింది. ఎయ్యకుంటనే తెచ్చిండు. ఏందంటే, గిది పోతే వాని పేరు పుస్తకంల పడ్తది, తండ నుంచి వచ్చినోని మీదికే అందరు ముందుగాల పోతరు, వాని నౌకరి పోతది అన్నడు. నాకు షేర్లంటే ఏం తెల్వది. ఎప్పుడన్న వస్తే నీకియ్యుమన్నడు."

అంటే ఆరోజే సారుకు అంతా తెలిసిపోయింది. తెలిసే, బస్టాండు దగ్గర కప్పు గురించి అడిగారు. నేను చెబుతానేమోనని ఒక అవకాశం ఇచ్చారు.

అమ్మ అడిగింది. "మీ ఇంటి కప్పు మంచిగున్నదా బిడ్డా? వానొస్తే యాది జేస్తుండె."

"లేదమ్మా. ఎయ్యలేదు. ఇంక కురుస్తనే ఉన్నది" అన్నాను.

ఆమె మొహం చూడలేక నేను గోడకు ఆనించిన సైకిలు వైపు చూశాను. సీటు మీద దుమ్ము పట్టి ఉంది. హ్యాండిలుకు కుడి పిడి రబ్బరు కొత్తదానిలాగే ఉంది. ఆయన బరువంతా మోసిన ఎడమ పిడి మాత్రం, లోపలి ఇనుము కనిపించేదాకా అరిగిపోయింది.